నిమ్మచెట్టు మీద రెండు జాతులు

రంగుల విషయంలో మా పిన్నికి తన కళ్ల మీద ఉన్న నమ్మకం మా బాబాయి మీద కూడా లేదు. బట్టలు కుట్టడం ఆమె వృత్తి. ఎవరు ఏ గుడ్డ తెచ్చి బల్ల మీద పడేసినా, వెనక్కి తిరగకుండానే అలమారలో చెయ్యి పెట్టి సరిగ్గా ఆ రంగు దారం రీలు తీస్తుంది. పక్క మిషను దగ్గర గుండీలు కుట్టే నేను లేచి, వెతికి, వెలుతురులోకి పట్టుకెళ్లి చూసినా తప్పుడు రంగే తెస్తాను. "నీవి కళ్లా, గుండీలా?" అంటుంది.

పెరట్లో నిమ్మచెట్టు ఉంది. అది బాబాయిది. తాళాలు బాగుచేసే పని ముగించుకుని ఇంటికి రాగానే, మొహం కూడా కడుక్కోకుండా వెళ్లి దాని ఆకులు తడిమి వస్తాడు. ఈ ఏడు ఆకుల్లో చిల్లులు కనబడేసరికి లబోదిబోమన్నాడు. పిన్ని మాత్రం ఆ చిల్లులు చేసిన గొంగళిపురుగుల్ని చూసి అక్కడే చతికిలబడింది. ఆ రోజు నుంచి అదో పిచ్చి పట్టుకుంది. చొక్కాల కోసం వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడితే, ఆమె పెరట్లో పురుగు పక్కన దారం రీలు పట్టుకుని నిలబడేది.

పురుగుల్ని గుర్తుపట్టడానికి ఆమెకి తెలిసిన పద్ధతి అదొక్కటే మరి. రీలు పక్కన పెట్టడం, రంగు కలిస్తే జాతి తేల్చేయడం. అలా రెండు జాతులు తేల్చింది. చిన్నవి కాఫీపొడి రంగు మీద తెల్ల మచ్చలతో, అచ్చం పిట్టరెట్టలా ఆకు మీద పడుంటాయి. వాటికి 'రెట్టగాడు' అని పేరు పెట్టింది. పెద్దవి నున్నగా, చిలకపచ్చ రంగులో, నడుముకి పట్టీ ఉన్నవి. వాటి పేరు 'పచ్చదొర'. ముట్టుకుంటే చాలు, దొరగారు తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు బయటపెట్టి కంపు కొడతాడు.

"రెట్టగాడు పాపం అమాయకుడు. ఈ దొరే తిండిపోతు" అని పిన్ని తీర్పు చెప్పింది.

బాబాయికి ఓపిక నశించింది. "నీకు పురుగులు కావాలి, నాకు కాయలు కావాలి. సరే, ఒక్క జాతిని ఉంచుకో. రెండోది నా చెట్టు మీద కనబడిందంటే ఊరుకోను" అన్నాడు.

పిన్ని రెట్టగాళ్లని ఉంచుకుంది. పచ్చదొరల్ని ఆకులతో సహా ఏరి, గోడ అవతల అత్తయ్య నిమ్మచెట్టు మీదికి చేరవేసింది. అత్తయ్యంటే బాబాయి చెల్లెలు. అడిగి చేసిందా అంటే, లేదు. వాళ్లిద్దరి మధ్య అడిగి చేసేది ఏదీ లేదు. ఒకరినొకరు 'వదినా' అని పిలుచుకుంటూ, గోడకి చెరో పక్క పీట వేసుకుని, లోకంలో అందర్నీ ఉతికి ఆరేసేవాళ్లు. పిన్నికి వేరే స్నేహితురాలంటూ ఎవరూ లేరు. ఆ నోటిని తట్టుకుని నిలబడింది అత్తయ్య ఒక్కతే.

కొద్దిరోజులకే రెట్టగాళ్లు తగ్గిపోయారు. వాళ్లున్న కొమ్మల మీదే పచ్చదొరలు కూర్చుని తాపీగా నములుతున్నారు.

"నా రెట్టగాళ్లని మింగేశారే వీళ్లు!"

"గోడెక్కి వచ్చేశారంటావా పిన్నీ?" అన్నాను.

"గోడెక్కే ఓపిక వీళ్లకెక్కడిది? ఎవరో విసిరితేనే వచ్చారు."

తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి అత్తయ్యని కేకేసింది. "ఏం వదినా, నా చెట్టు మీదికి పురుగులు విసరడానికి చేతులెలా వచ్చాయి నీకు?"

"నేనా? నేనేం విసరలేదు. అసలు అవి నా చెట్టు మీదికెలా వచ్చాయో అది చెప్పు ముందు!"

తప్పు తన వైపున్నప్పుడు పిన్నికి గొంతు పెరుగుతుంది. పెరిగింది. "అబద్ధాలకోరువి" అన్న మాట కూడా వచ్చేసింది. అత్తయ్య పీట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇక మాటల్లేవు. పిన్ని రోజూ చూడనట్టు నటిస్తూ గోడ వంకే చూసేది. అంతలో ఒక ఉదయం అత్తయ్య దండెం మీద కొత్త దిండు గలీబులు ఆరేసింది. ఇంకెవరిచేతో కుట్టించినవి. కుట్టు వంకర మా ఇంట్లోకే కనబడుతోంది.

"చూడవే, అంచు ఎలా పీక్కుపోయిందో! వాటి మీద తల పెట్టుకుని నిద్రెలా పడుతుందే మీ అత్తకి?" అంటూ మిషను మీద తల వాల్చి పిన్ని ఏడ్చేసింది. కుట్టు కోసమా, వదిన కోసమా అని నేను అడగలేదు. వదిన కోసమే.

మర్నాడు, మిగిలిన ఒక్క రెట్టగాడికి కాపలా అంటూ పెరట్లో స్టూలు వేసుకుంది. తోడుగా నన్నూ లాక్కెళ్లింది. వాడు ఉలుకూ పలుకూ లేకుండా ఆకుని కరుచుకుని ఉన్నాడు. "పోయాడేమోనే" అని పిన్ని కళ్లొత్తుకుంది. చూస్తుండగానే తల వెనక చర్మం చిట్లింది. బిగుతు చొక్కా విప్పుతున్నట్టు ఒళ్లు మెలికలు తిప్పుకుంటూ బయటికొచ్చాడు. పచ్చగా వచ్చాడు. నడుముకి పట్టీ కూడా ఉంది.

పిన్ని లోపలికెళ్లి చిలకపచ్చ రీలు తెచ్చి పక్కన పెట్టింది. కలిసింది. తను ముద్దు చేసినవీ, తరిమేసినవీ ఒకటే జాతి.

"అంటే ఎవరూ విసరలేదన్నమాట" అంది నీరసంగా.

పిన్ని ఎవరికైనా క్షమాపణ చెప్పగా నేను వినలేదు. కొలత తప్పి చొక్కా బిగుతైతే, "మీరే ఒళ్లు చేశారు" అనే రకం. అలాంటి మనిషి ఆ ఆకు పట్టుకుని, వీధి చుట్టూ తిరిగి వెళ్లి, అత్తయ్య గుమ్మం ముందు నిలబడింది. వెనక నేను.

"వదినా, తప్పు నాదే. పచ్చవి ఎవరూ విసిరినవి కావు. చిన్నవే పెద్దయి పచ్చబడ్డాయి. నిన్ను అనరాని మాటన్నాను. క్షమించు."

అత్తయ్య ఆకు వంక చూసింది. పిన్ని వంక చూసింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది కానీ ఆగలేదు.

"నేను విసిరాను వదినా."

"ఏంటీ?"

"అన్నీ విసిరాను. ఒక్కటీ గోడ దాటలేదు. గోడకి తగిలి కిందపడి, మళ్లీ నా చెట్టే ఎక్కాయి."

పిన్ని మొహం కందగడ్డయింది. "అయితే నా క్షమాపణ నాకిచ్చేయ్!"

"చచ్చినా ఇవ్వను" అంది అత్తయ్య, పిన్ని చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతూ. "నువ్వు మా అన్నయ్యని చేసుకున్నప్పటి నుంచి దీనికోసమే చూస్తున్నాను."