ఎండిన చెరువులో పడవ మోటారు

మా అన్నయ్య పడవ అమ్మేస్తానన్నాడు. ఈ ప్రయాణానికి కారణం ఆ ఒక్క మాటే. కాకినాడ దగ్గర మా ఊళ్లో పాతికేళ్లుగా వేటకెళ్తున్న మనిషి, కుడి భుజం దెబ్బతిన్నాక చుక్కాని కర్రను గంటసేపు కూడా పట్టుకోలేకపోతున్నాడు. కర్రను తనంతట తానే తిప్పే కొత్త ఆటోపైలట్ కొనడం మా వల్ల కాదు. అందుకని పాత ఆటోపైలట్ మోటారునూ దాని కంట్రోలర్ పెట్టెనూ సంపాదించి, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డుకు నేనే తీగలు కలిపాను. దిక్సూచి చూసి బోర్డు చెప్పాలి, కంట్రోలర్ మోటారు తిప్పాలి. మోటారు తిక్క పుట్టినట్టు ఒకవైపే తిరిగింది, రెండు బోర్డులు మాడిపోయాయి. "పోన్లేరా, ఆదివారం పడవ చూడ్డానికి వస్తారు" అన్నాడు అన్నయ్య. తిట్టినా బాగుండేది.

ధర్మవరంలో మగ్గాలకు మోటార్లు, కంప్యూటర్లు బిగించే వెంకటరమణ అనే ఆయన ఉన్నాడని ఒక స్నేహితుడు చెప్పాడు. మూడో బోర్డు, మోటారు, కంట్రోలర్ పెట్టె, దిక్సూచి, రెండు బ్యాటరీలు సంచిలో వేసుకుని శుక్రవారం ఉదయం ఆరున్నరకల్లా అనంతపురంలో దిగాను. బస్టాండు ఎదురుగా బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జి నలభై రూపాయలు, ఆ కారానికి కళ్లలో నీళ్లు తిరిగినా రెండో ప్లేటు చెప్పాను. అక్కడి నుంచి ధర్మవరానికి బస్సులో గంటకు పైనే పడుతుంది. దారి పొడవునా దున్ని వాన కోసం వదిలేసిన ఎర్రచేలు.

ధర్మవరంలో ఆటో ఎక్కగానే డ్రైవరు మస్తాన్ నా సంచి వంక చూశాడు. "యాడికన్నా? ఆ బరువేంది?"

"పడవ నడిపే మోటారండీ."

"పడవదా! ఏమప్పా, ఈడ తాగేదానికే ట్యాంకరు కోసం కాసుకోనుంటే, నువ్వు పడవ తెచ్చినావా!" పగలబడి నవ్వాడు. ఎనభై రూపాయలకు వెంకటరమణ ఇంటి గుమ్మం ముందు దించి, ఈ వింత చూడాల్సిందేనంటూ తనూ నా వెనకే లోపలికొచ్చాడు.

వెంకటరమణ బల్ల మీద అన్నీ పరిచి, మీటరు పెట్టి ఒక్కో చోటా కొలిచాడు. తొందర లేదు, గొప్పలు లేవు. తీగలన్నీ ఊడదీసి మళ్లీ శుభ్రంగా కలిపాడు. బ్యాటరీ కలుపుదామని నేను చెయ్యి చాపితే ఆపేశాడు. "ఉండన్నా. మా ఇంట్లో అతికినోళ్లు సరిచూడకూడదు. పద్మా, ఒకసారి ఇట్లా రా!"

పద్మక్క ఆయన భార్య. ఆమె పని అచ్చు అతకడం. మగ్గం మీద పాత దారాలు అయిపోవచ్చినప్పుడు కొత్త దారాల కొసలను ఒక్కొక్కటీ పాతవాటికి మెలిపెట్టి కలపాలి, వేలల్లో ఉంటాయి. ఒక్క కొస తప్పినా చీరలో గీత పడుతుంది. అందుకే ఒకరు అతికింది ఇంకొకరు చూడాలి, కలిపిన చెయ్యి తన తప్పును తాను చూసుకోలేదని వాళ్ల నమ్మకం. ఎలక్ట్రానిక్స్ ఆమెకేం తెలుసని మనసులో అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె కూర్చుంటూనే అడిగింది. "యాడన్నా ఏమన్నా కత్తిరించినావా నాయనా?"

"లేదండీ" అన్నాను.

ఆమె రంగురంగుల పట్టు పోగులు తెచ్చి, ప్రతి తీగకూ రెండు కొసల్లో ఒకే రంగు కట్టుకుంటూ వచ్చింది. బోర్డు నుంచి కంట్రోలర్‌కు వెళ్లే తీగల దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి. "ఈ పెట్టెకు మూడు మొదళ్లుండాయి, మూడు కొసలు రావాల. రెండే వచ్చినాయి. మూడోది యాడుండాది?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అది నల్ల తీగ. కంట్రోలర్‌కు బ్యాటరీ నుంచి ఒక నల్ల తీగ ఎటూ వస్తోంది కదా, ఇదెందుకు దండగ అని నేనే మొదట్లో కత్తిరించి పారేశాను. అదే చెప్పాను.

వెంకటరమణ నెత్తి కొట్టుకున్నాడు. "బోర్డుకొక బ్యాటరీ, మోటారుకొక బ్యాటరీ. రెండిటినీ కలిపే నెగటివే లేకపోతే, ఇది చెప్పేది దానికెట్లా అర్థమైతాది? బోర్డులు కాలక ఏమైతాయి? నేను గూడా చూసుకోలేదు చూడు!"

"అడిగినప్పుడే చెప్పేదానికి ఏమైందప్పా?" అని పద్మక్క నవ్వింది. పెట్టె దగ్గర మిగిలిన మొండికి ఆయన కొత్త నల్ల తీగ అతికాడు, ఆమె మళ్లీ లాగి చూసింది. అప్పుడు గానీ బ్యాటరీ కలపనివ్వలేదు.

మోటారు బుద్ధిగా తిరిగింది. కానీ పడవ పక్కకు తిరిగితే సరిచేస్తుందా? మస్తానే దారి చెప్పాడు. నాలుగింటికి ఊరి బయట ఎండిన చెరువులోకి ఆటో దించాడు. మోటారు వెనక సీటు మీద, దిక్సూచి మాత్రం ఆటో ఇనుముకు దూరంగా నా చేతిలోని వెదురు కర్ర చివర. మస్తాన్ ఎడమకు తిప్పితే మోటారు చెయ్యి కుడికి జరిగింది, కుడికి తిప్పితే ఎడమకు. నేరుగా పోనిస్తే కదల్లేదు. నెర్రెలిచ్చిన నేల మీద మేం గిరగిరా తిరుగుతుంటే గొర్రెల కాపరి ఒకాయన నిలబడిపోయి చూశాడు. "పడవ పోతాంది మామా, పక్కకు జరుగు!" అని అరిచాడు మస్తాన్. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆదివారం వచ్చినవాళ్లను అన్నయ్య టీ ఇచ్చి పంపేశాడు. వారం తర్వాత సముద్రం మీంచి వీడియో కాల్ చేశాడు. చుక్కాని కర్ర తనంతట తానే కదులుతోంది, ఆయన రెండు చేతులతో వల సర్దుకుంటున్నాడు. తీగలకు ఆ పట్టు పోగులు ఇంకా ఉన్నాయి, విప్పనివ్వనన్నాడు. పడవన్నదే ఎక్కని పద్మక్క మా అన్నయ్యను మళ్లీ సముద్రం మీదికి పంపింది. ఆ చేతులకు దణ్ణం పెట్టకుండా వచ్చేశానే అన్నదొక్కటే నా బాధ.

మీరూ అలాంటి పని మీద ధర్మవరం వెళ్తుంటే ఒక్కటే మాట. పెట్టెతోపాటు మీరు కత్తిరించి పారేసిన ముక్కల్ని కూడా ఏరి తీసుకెళ్లండి. పద్మక్క ముందు అడిగేది వాటినే.