గార్డుగారి ఏటి దారి

మా గార్డుగారు పోయారని పలాస నుంచి ఆయన కూతురు రాసిన కార్డు మొన్న మంగళవారం అందింది. నిద్రలోనే పోయారట. పదకొండో రోజు కూడా అయిపోయాక రాసింది. ఇక్కడ మా భుయ్యాడీహ్ పేటలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు. వాళ్ళకి తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఎరగనివాళ్ళు చదివినా నష్టం లేదు.

ఆయన టాటానగర్‌లో గూడ్సు బళ్ళకి గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆఖరున కూతురి దగ్గరికి పోయేదాకా మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు. పొద్దున్నే గుమ్మం ముందు సైకిల్ నిలబెట్టి రెండు టైర్లూ బొటనవేలితో నొక్కి చూసేవారు. గాలి నిండుగా ఉన్నా పంపు తెచ్చి నాలుగు దెబ్బలు కొట్టేవారు. ఏటా వానలు తగ్గి గట్లు ఆరాక, వారం రోజులు ఆ సైకిల్‌తో సహా కనబడకుండా పోయేవారు. పాసింజరు బండి బ్రేకువానులో సైకిల్ వేయించి, ఖరగ్‌పూర్‌లో బండి మారి, జలేశ్వర్‌లో దిగేవారు. మన దగ్గర రాళ్ళ మధ్య పారే సువర్ణరేఖ అక్కడ బల్లపరుపు నేల మీద తీరిగ్గా పారుతుంది. ఆ ఏటి గట్టు మీద, పక్కనున్న కాలవ గట్ల మీద, సముద్రం దాకా తొక్కుకుంటూ పోయి వచ్చేవారు. మోటార్లు తిరిగే దారి ఎక్కేవారు కాదు. అక్కడేం పని అని ఎవరైనా అడిగితే ఒకటే జవాబు.

"పనేటుంటాది? ముప్పయ్యేళ్ళు పట్టాలెటు తిప్పితే అటెల్లేను. ఇప్పుడు హ్యాండిలు నా సేతిలో ఉంది."

మా అన్నయ్య గోవింద్‌పూర్ రోడ్డు మీద సైకిల్‌పై వస్తూ లారీ కింద పడి పోయాడు. నాకప్పటికి ఇరవై దాటాయి. ఇంట్లో నేను, వదిన, ఆమె కూతురు మిగిలాం. సొట్టపోయిన వెనక చక్రం నేను మార్పించి తెచ్చాను గానీ, వదిన ఆ సైకిల్‌కి తాళం వేసి తాళంచెవి బియ్యం డబ్బాలో పెట్టేసింది. రెండేళ్ళు అది గోడవార నుంచి కదల్లేదు. అప్పుడు నాకు ఖర్కాయ్ ఏటికి అవతల గమ్హరియాలో ఒక చిన్న కార్ఖానాలో లేత్ మిషను మీద పని దొరికింది. పొద్దున్న ఆరింటికి గేటు మూస్తారు. ఆ వేళకి మా వైపు నుంచి బస్సు లేదు. సైకిల్ ఉంటేనే ఉద్యోగం. వదిన ససేమిరా అంది.

"ఒకడ్ని లారీకిచ్చేను. నిన్నూ ఇచ్చేసి, నానూ పిల్లా ఏటి తినాల?"

"ఉజ్జోగం లేకపోతే మాత్రం ఏటి తింటాం వదినా?"

"పస్తుంటాం. ముగ్గురం ఉంటాం గదా."

ఈ మాటలు రెండిళ్ళ అవతలికి వినబడ్డాయి. గార్డుగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"కోడలా, గట్లు ఆరేయి. నానెల్తన్నాను. నీ మరిదిని నా కూడా పంపు. నాలుగు దినాలు. రెండేళ్ళై సైకిలెక్కనోడు, ముందు కాళ్ళు కుదరాల. ఆ తరవాత ఉజ్జోగం మాట నువ్వూ ఆడూ తేల్చుకోండి."

"లారీ దారి ఎక్కించవు గదా బాబూ? ఒట్టేనా?"

"ఒట్టెందుకు? నానంటన్నాను గదా."

వదిన గోడవారనున్న సైకిల్ వైపు చూసింది. తరవాత లేచి బియ్యంలో చెయ్యి పెట్టింది.

ఆ ప్రయాణం గురించి ఎంతైనా రాయవచ్చు. జలేశ్వర్‌లో దిగగానే ఆయన నన్ను ముందు పొమ్మన్నారు. "ఎనకుండడం నా డ్యూటీ. నువ్వు ముందుకి సూడు, సాలు." మొదటిరోజు నా చేతులు హ్యాండిల్‌ని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, దిగాక వేళ్ళు విప్పుకోవడానికి కొంతసేపు పట్టింది. ఎదురుగాలికి తొక్కలేక, దిగడానికి సిగ్గుపడితే వెనకనుంచి కేక వేసేవారు. "దిగి నడు. బండేటి నవ్వుద్దా?" అటుకులూ బెల్లం తిన్నాం. రేవుల్లో చేపలవాళ్ళతో ఆయన ఒరియాలో మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాను. అక్కడి నేల ఎంత చదునంటే, దూరం నుంచి కాలవా కనబడదు, పడవా కనబడదు. తెరచాప ఒక్కటే వరిచేల మధ్యనుంచి నడిచిపోతుంటుంది. రెండో రోజు సాయంత్రానికి ఒక చేత్తో తొక్కుతూ రెండో చేత్తో అటుకులు తినగలిగాను. 

నాలుగో రోజు తిరిగి వస్తుంటే కాలవకి గండి పడి ఉంది. గట్టు తెగి నీళ్ళు చేలల్లోకి పోతున్నాయి. అక్కడ గేదెని కడుగుతున్న మనిషి, వెనక్కి తిరిగి పెద్ద రోడ్డెక్కితే రెండు మైళ్ళలో వంతెన ఉందని చెప్పాడు. మధ్యాహ్నం బండికి ఆ దారిన పోతేనే అందుతాం.

"రెండు మైళ్ళే గదా గార్డుగారూ. వదినకి ఎవులు సెప్తారు?"

"ఎవులూ సెప్పరు. నానే సెప్తాను."

"మీరూ సెప్పకపోతే?"

ఆయన చెప్పులు విప్పి హ్యాండిల్‌కి తగిలిస్తున్నారు. "నా మాట మీద నిన్ను పంపింది. ఆ మాట పోతే, రేపు నాను పంపమన్నా పంపదు. పంపకూడదు కూడా."

ముందు తన సైకిల్ భుజాన వేసుకుని దిగారు. నీళ్ళు రొమ్ముల దాకా వచ్చాయి. దాన్ని అవతల పెట్టి వచ్చి, ఆ వడిలో నేను ఎత్తలేకపోతున్న నా సైకిల్ కూడా తీసుకుపోయారు. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. బండి పోయింది. మర్నాటి దాకా మరొకటి లేదు. ఇంట్లో తెలియజేసే దారీ లేదు. స్టేషన్లో ఆయన ఏమీ తినలేదు. "కోడలు కంగారు పడతాది" అని మాత్రం రెండుసార్లు అన్నారు.

ఒక రోజు ఆలస్యంగా మా ఇళ్ళ లైనులోకి వచ్చాం. "మా! చాచా ఆ గయే!" అని, బాబాయి వచ్చేశాడంటూ, వదిన కూతురు హిందీలో అరుస్తూ లోపలికి పరిగెత్తింది. పక్కింటివాళ్ళు తెలుగులో పలకరించినా అది హిందీలోనే జవాబు చెప్పేది. వదిన గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. నన్ను చూడలేదు, గార్డుగారినే చూసింది.

"ఏటి దారినొచ్చేరు?"

"ఏటి దారినే వచ్చేం కోడలా."

"అదే అడుగుతన్నాను. ఏటి దారని?"

"ఏటి దారే."

"రేయంతా ఏడిసి సచ్చేను బాబూ. నీకు యేళాకోళంగా ఉందా?"

మా వైపు 'ఏమిటి' అన్నా ఏటే, ఏరు పోయే దారి అన్నా ఏటి దారే. ఆయన నిజంగానే తడబడ్డారు. ఆ మాటని ఇంకెలా చెప్పాలో ఆయనకి తోచలేదు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే దెబ్బలు పడతాయని తల వంచుకున్నాను. అప్పుడు వదినకి మా బట్టల మీద ఎండిన బురద కనబడింది. ఇద్దరికీ రొమ్ముల దాకా.

"గండి పడింది," అన్నారాయన. "రోడ్డెక్కితే బండందేది. ఎక్కలేదు. నిన్నో రేయి ఏడిపించేను, అది నా తప్పే."

 "ఏటి దారట, ఏటి దారి" అని గొణుక్కుంటూ వదిన లోపలికి పోయి నీళ్ళు కాచింది. ఆ రోజు తాళంచెవి బియ్యం డబ్బాలోకి పోలేదు. నేను ఇస్తే వదిన పుచ్చుకోలేదు.

ఉద్యోగంలో చేరే ముందురోజు గార్డుగారు మళ్ళీ వచ్చారు. తాళంచెవి నా దగ్గరుంది గనక ఇంకేం అక్కర్లేదని నేననుకున్నాను. ఆయన అలా అనుకోలేదు.

"కోడలా, గట్టు పట్టుకుని ఖర్కాయ్ వంతెన దాకా ఎల్లొచ్చు. వంతెన మీద మాత్రం లారీలుంటాయి. అవతల గమ్హరియా దాకా కూడా ఉంటాయి. అక్కడ మరో దారి లేదు. నువ్వొచ్చి సూడు. సరేనంటే ఎల్తాడు. కాదంటే ముగ్గురం ఎనక్కొచ్చేద్దాం."

మర్నాడు ఇంకా చీకటుండగానే బయల్దేరాం. వదిన ఆయన సైకిల్ వెనక కేరేజీ మీద కూర్చుంది. అన్నయ్య పోయాక ఆమె సైకిల్ ఎక్కడం అదే మొదలు. వెలుగొచ్చే వేళకి వంతెన దగ్గర దిగి, ఇనపకమ్మీ పట్టుకుని నిలబడింది. ఒకదాని వెనక ఒకటి లారీలు పోతున్నాయి. నేల అదురుతోంది. నాకు ఆరింటి గేటు గుర్తొస్తోంది. గార్డుగారు ఒక్క మాటా సర్దిచెప్పలేదు.

"ఎన్నింటికి మూత్తారు గేటు?" అంది చివరికి.

"ఆరింటికి."

"మరి నిలబడిపోయేవేటి? యెల్లు."

ఎనిమిదేళ్ళుగా అదే కార్ఖానాలో చేస్తున్నాను. ఆ వంతెన రోజూ రెండుసార్లు దాటుతున్నాను. పిల్ల హైస్కూలుకి వచ్చింది. నా వదిన ఆ రోజు ఒప్పుకోవడానికి కారణం ధైర్యం కాదు. తనకి ఎవరూ ఏదీ దాచిపెట్టలేదని తెలియడమే. ఆ పని గార్డుగారు చేశారు.

ఆ రోజు వంతెన అవతలి కొస చేరాక ఒకసారి ఆగి వెనక్కి చూశాను. వదిన మళ్ళీ కేరేజీ ఎక్కి కూర్చుని ఉంది. ఆయన హ్యాండిల్ పట్టుకుని నిలబడి, ఇక పోదామా అన్నట్టు మెడ తిప్పి ఆమెని చూస్తున్నారు. ఆమె నావైపే చూస్తూ, ఇప్పుడే కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇంతలో ఒక లారీ అడ్డొచ్చింది. అది పోయాక చూస్తే ఇద్దరూ అక్కడే ఉన్నారు.