బావ చెవి, నా బొటనవేలు

మొన్న చెవుల డాక్టరమ్మ నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డొప్పలు తగిలించి, "చప్పుడు వినబడినప్పుడల్లా వేలెత్తండి" అంది. నేను వేలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. అద్దం అవతల ఆవిడ మీటలు నొక్కుతూ నా మొహం చూస్తోంది. నేను ఆవిడ మొహం చూస్తున్నాను. ఆరో క్లాసులో లెక్కల మాస్టారు నన్ను నిలబెట్టినప్పుడు కూడా అచ్చం ఇలాగే జరిగింది. ఆ తర్వాత నేను బడి మొహం చూడలేదు. ఇక్కణ్ణుంచి కూడా లేచిపోదామనుకుంటుండగా మా బావ గుర్తొచ్చాడు. ప్రేమతో అనుకునేరు. పంటి సందున ఇరుక్కున్న పీచు గుర్తొచ్చినట్టు గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క మొగుడు. గోపాలపట్నంలో ఒక సా మిల్లులో బ్యాండ్ సా మిస్త్రీ. నన్ను ఆ మిల్లులో పెట్టించింది అతనే. ఆ సంగతి నేనెక్కడ మర్చిపోతానోనని రోజూ నలుగురి ముందూ గుర్తుచేసేవాడు. బ్యాండ్ సా చూడనివాళ్ళకి చెబుతాను: పైన ఒక పెద్ద చక్రం, కింద ఒక పెద్ద చక్రం, రెంటికీ కలిపి తొడిగిన బెల్టులాంటి ఉక్కు రంపం. దాన్ని మేం బ్లేడనే అంటాం. పక్కనున్న హ్యాండిల్ తిప్పితే పై చక్రం లేచి బ్లేడు బిగుస్తుంది. వదులుగా ఉంటే కోత కల్లు తాగినవాడిలా పక్కకి నడుస్తుంది. మరీ బిగిస్తే అతుకు దగ్గర తెగి, పాములా లేచి మీదకొస్తుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలో తెలియడమే మిస్త్రీతనం. మా ఇద్దరికీ పడకపోవడం కూడా సరిగ్గా అక్కడే.

బావ సింహాచలం భజనల్లో తంబురా మీటినవాడు. మిషను ఆపి, బ్లేడుని గోటితో మీటి, చెవి దగ్గరపెట్టి, దేవుడు కనబడినట్టు కళ్ళు మూసుకునేవాడు. తనకి నచ్చినట్టు మోగేదాకా హ్యాండిల్ తిప్పేవాడు. నాది బొటనవేలి పద్ధతి. పక్కనుంచి నొక్కి, ఎంత లొంగుతుందో చూసుకుంటాను.

"నొక్కి సూడ్డానికి ఇదేటి, మావిడిపండా?" అనేవాడు.

"నువ్వు కళ్ళు మూసుకోడానికి ఇదేటి, తంబురా? సావుకారు జీతమిత్తన్నది సెక్కలు కొయ్యడానికి బావా, కచేరీకి కాదు."

"నాను పెట్టించిన పనిలో నిలబడి నాకే సెప్తన్నావేటి?"

సాయంత్రం మిషను ఆపాక బ్లేడు వదులు చెయ్యాలి. రోజంతా కోసి వేడికి సాగిన ఉక్కు చల్లారుతూ ముడుచుకుంటుంది. బిగువు తగ్గించకపోతే తనని తానే లాక్కుని పగుళ్ళిస్తుంది. వదులు చేసినవాడు హ్యాండిల్ మీద తన తువ్వాలు వేసి వెళ్తాడు. బ్లేడు వదులుగా ఉంది, స్విచ్చి వెయ్యొద్దని దానర్థం. మిల్లులో ఎవరి తువ్వాలు అక్కడ వేలాడితే వాడే మిస్త్రీ. ఎప్పుడు చూసినా బావ ఎర్రగళ్ళ తువ్వాలే. నాది నా మెడలోనే నలిగి చిరిగేది.

అవి స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. సెంట్రింగ్ చెక్కల కోసం లారీలు మిల్లు ముందు వరస కట్టేవి. సరిగ్గా అప్పుడే బ్లేడులు తెగడం మొదలైంది. బావ అతుకు వేసినవాణ్ణి తిట్టాడు, దుంగల్లో మేకుల్ని తిట్టాడు, చివరికి నా దిష్టిని తిట్టాడు. షావుకారు ఇద్దర్నీ పిలిచి బావతో, "ఇంకో బ్లేడు తెగిందంటే నువ్వు దుంగల యార్డుకి పో. మిషను నీ బామ్మర్దికిచ్చీత్తాను" అన్నాడు. బావ నావైపు చూసిన చూపుకి పచ్చి దుంగైనా ఎండిపోయేది.

ఆ వారమే రేవు నుంచి ఒక పెద్దాయన, బోటు కట్టుకుంటున్నాడు, తుమ్మదుంగ తెచ్చాడు. బోటు పక్కటెముకలకి వంపు కోత కావాలి. "ఇంత ఒంపున్న దుంగ మళ్ళీ దొరకదు బాబూ, జాగర్త" అని బల్లకి ఎదురుగా నిలబడ్డాడు.

బావ బ్లేడు మీటాడు. సన్నగా, కీచుమంటూ మోగింది. నా పళ్ళు జివ్వుమన్నాయి. "ఇంకా మొద్దుగానే ఉంది" అని మళ్ళీ తిప్పాడు.

"అది ఏడుత్తంది బావా, ఒగ్గెయ్యి" అన్నాను వెనకనుంచి. తిరగలేదు. మళ్ళీ మీటాడు, మళ్ళీ తిప్పాడు.

"నీ మీసం ఎలకలు కొరికీసినట్టుంది" అన్నాను.

తిరగలేదు. ఆ మీసాన్ని వెక్కిరించినందుకే ఒకసారి నన్ను కంచం ముందునుంచి లేపి కొట్టబోయిన మనిషి! అప్పుడు అర్థమైంది. మొద్దుబారింది బ్లేడు కాదు. మిల్లు రొదలో ఏళ్ళ తరబడి అరిగిపోయిన చెవికి చప్పుడు ఎంత తగ్గితే, బావ అంత బిగిస్తూ వచ్చాడు.

నోరు మూసుకుని ఉంటే బ్లేడు తెగేది, మిషను నాదయ్యేది. కానీ ఆ తెగిన బ్లేడు ముందుగా వెళ్ళేది ఆ పెద్దాయన మీదకే. గబుక్కున వెళ్ళి హ్యాండిల్ వెనక్కి తిప్పాను. బావ నా కాలరు పట్టుకున్నాడు.

"నా మిషను మీద సెయ్యేత్తావురా!"

అతని చెవిలో నోరుపెట్టి అరిచాను: "నీకు సెవుడు బావా! సెవుడు!"

మోటారు ఆపి ఉన్న మిల్లులో ఆ మాట రేకుల కప్పుకి కొట్టుకుని అందరికీ వినబడింది. బావకి కూడా.

బొటనవేలితో చూసుకుని ఆ వంపు నేనే కోశాను. పెద్దాయన చెక్కని తడిమి తడిమి చూసుకున్నాడు. షావుకారు బావకి వేలితో యార్డు చూపించాడంతే.

సాయంత్రం తువ్వాలు దులుపుకుని కొత్త పెళ్ళికొడుకులా మిషను దగ్గరకి వెళ్ళాను. బ్లేడు అప్పటికే వదులు చేసి ఉంది. హ్యాండిల్ మీద ఎర్రగళ్ళ తువ్వాలు. పక్కనే బావ, చేతిలో గడ్డపార.

"ముట్టుకో సూద్దాం."

ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున తీసి రంపపు పొట్టులో పారేశాను. సాయంత్రం దులిపి మళ్ళీ అక్కడే వేశాడు. మిల్లు మూతబడేదాకా అంతే. సాయంత్రం అతను వదులు చెయ్యడం, పొద్దున నేను బిగించడం. మాటల్లేవు. అక్క ఇంట్లో పండక్కి పక్కపక్కన కూర్చున్నా, పప్పు గిన్నె అక్క చేతిమీదుగా రావలసిందే. ఆ తర్వాత ఒక్క బ్లేడూ తెగలేదన్నది నిజం. దాన్ని మంచితనం ఖాతాలో వెయ్యకండి. ఇద్దరిదీ పంతమే.

డాక్టరమ్మ ఇచ్చిన చెవి మిషను పెట్టుకుని నిన్న అక్కని చూడ్డానికి వెళ్ళాను. బావ గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. నా చెవి చూశాడు. చూసి, ఆ గడ్డపార రోజు తర్వాత నాతో మొట్టమొదటి మాటన్నాడు.

"వచ్చిందేటి, నీకూ?"

అని పగలబడి నవ్వాడు. కొత్త మిషను పుణ్యమా అని ఆ నవ్వు ఒక్క ముక్క పోకుండా వినబడింది. నేను అతనికి ఒక్క కేకలో చెప్పేసిన మాటని కాలం ఇన్నేళ్ళుగా నా చెవిలో గుసగుసగా చెబుతూనే ఉందన్నమాట, నాకే వినబడలేదు.