పదకొండేళ్లు పెరగనిచ్చిన తప్పు

పగ తీర్చుకోవడానికి కత్తులు నూరినవాళ్ల గురించి చదివాను, కోర్టుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాళ్లను నాలుగు రాష్ట్రాల్లో చూశాను. శత్రువు పేరు పెరుగుతుంటే పదకొండేళ్లు ఓపిగ్గా చూస్తూ కూర్చున్న మనిషిని మాత్రం బోరబండలోనే చూశాను. ఆమె పేరు ఎలిజబెత్. మెదక్ మనిషి. ఆమె ఇంటి పై గదిలోనే నేను కిరాయికి ఉంటున్నాను.

ఎలిజబెత్ పని పాలిమర్లతో. ప్లాస్టిక్కులకూ జిగుర్లకూ రంగులకూ శాస్త్రం పెట్టిన ఇంటిపేరు అనుకోండి. నానక్‌రామ్‌గూడలో ఆ అద్దాల మేడలను చూసి సిమెంటునూ ఇనుమునూ మెచ్చుకుంటాం గానీ, అద్దాన్ని చట్రానికి పట్టి ఉంచేది వేలు మందం జిగురు. అది ఎన్ని డిగ్రీల వేడికి మెత్తబడుతుందో కొలిచి చెప్పడం ఆమె ఉద్యోగం.

ఆమెకొక పద్ధతి ఉంది. నమూనా చెమ్మగా ఉన్నప్పుడే మిషను సరిచూసుకోవడానికి ఒకసారి కొలిచి, ఆ అంకెను నోటుబుక్కు ఎడమ పేజీలో పెన్సిలుతో రాస్తుంది. తర్వాత నమూనాను ఓవెన్‌లో రెండు రోజులు ఆరబెట్టి, మళ్లీ కొలిచి, కుడి పేజీలో ఇంకుతో రాస్తుంది. ఇంకుదే అసలు. చెమ్మ ఉంటే జిగురు తొందరగా మెత్తబడి అంకె తక్కువ చూపిస్తుంది.

పదకొండేళ్ల కిందట శేరిలింగంపల్లి వైపు ఒక పరిశోధన సంస్థలో ఆమె కొత్త జిగురొకటి తయారుచేసింది. ఎడమ పేజీ నింపి కాన్పుకు సెలవు పెట్టింది. పైఅధికారి డాక్టర్ భీమేశ్వరరావు ఆ నోటుబుక్కు తీసి, కనబడ్డ అంకెలన్నీ ఎక్కించి, తన పేరుతో పరిశోధన పేపరు అచ్చువేయించుకున్నాడు. బిడ్డ పుట్టి ఆమె తిరిగొచ్చేసరికి ఆ పేపరున్న సైన్సు పత్రిక బల్ల మీద ఉంది. రచయితల్లో ఆమె పేరు లేదు. చిట్టచివర కృతజ్ఞతల్లో, ఓవెన్ బాగుచేసిన మనిషి తర్వాత ఉంది.

"అడగలేదా అమ్మా?" అన్నాను ఒకసారి.

"అడిగిన అంకుల్. నీది చేతిపనేగా అమ్మా, బుర్ర నాది అన్నడు. ఇగ ఇంటికొచ్చి పేపర్ తెరిచి మొదటి పట్టిక చూసిన. నవ్వొచ్చింది."

ఎడమ పేజీలోని పెన్సిలు అంకే, అరవై ఒక్క డిగ్రీలని అచ్చయింది. మిగిలిన నమూనాలను ఆమె చప్పుడు చేయకుండా ఆరబెట్టి కొలిచింది. డెబ్బై నాలుగు. ఇంకుతో రాసి, తారీఖు వేసి, నోటుబుక్కు ఇంటికి తెచ్చుకుంది. ఆర్నెల్లకు ఆ ఉద్యోగం మానేసి నానక్‌రామ్‌గూడలో ఒక టెస్టింగ్ ల్యాబులో చేరింది.

శాస్త్రవేత్తల లోకంలో పేపరు విలువ, దాన్ని ఎంతమంది తమ పేపర్లలో ఉదహరించారన్నదాన్ని బట్టి. సైటేషన్ అంటారు. మన శుభలేఖల అడుగున బంధుమిత్రుల అభినందనలని అచ్చువేస్తాం చూడండి, అలాంటిదే. ఆ బంధువులు పెళ్లికి వచ్చారా అని ఎవరూ లెక్క చూడరు. భీమేశ్వరరావు పేపరును మొదటి ఏడాది ముప్పైమంది ఉదహరించారు, ఇప్పటికి పదకొండు వందల ఎనభై. ఆయన రాసినవి నూట పద్నాలుగు; మిగతావాటిలో ఏదీ నలభై దాటలేదు. ఆయన డైరెక్టరయింది దీంతోనే. ఈ ఏడు జీవితకాల పురస్కారం ప్రకటించిందీ దీనికే. షేర్ ఆటోలో కూర్చుని ఎలిజబెత్ రోజూ ఫోన్లో ఆ అంకె చూసుకునేది, దావతుకు మేపుతున్న యాటపోతును చూసుకున్నట్టు.

"పెరగనీ అంకుల్. మెడల పతకం పడ్డ తెల్లారి పత్రికకు రాస్త."

పురస్కారానికి ఆరు వారాలుందనగా లావణ్య వచ్చింది. పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల, మిషను కోసం ఎలిజబెత్ ల్యాబుకు వస్తుండేది. ఆదివారం చర్చి నుంచి మేం వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది.

"మేడం, రెండేండ్ల సంది అదే జిగురు చేస్తున్న. ఎన్నిసార్లు కొలిచినా డెబ్బై నాలుగే వస్తున్నది. భీమేశ్వరరావు సార్ పేపర్ల అరవై ఒకటున్నది. మా గైడు, నీ చేతులే మంచిగ లెవ్వు, ఇడిసిపెట్టు అంటుండు. రేపు కాగితం రాసిస్త."

"ఏం కాగితం?"

"చదువు బందు చేస్తున్న అని."

ఎలిజబెత్ లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. పతకం పడ్డాక కూలిన మనిషికీ, పడకముందు కూలిన మనిషికీ ఎంతో తేడా ఉంది. ఆ తేడా కోసమే ఆమె ఇన్నేళ్లు నోరు కుట్టేసుకుంది. వెయ్యిమందిని తప్పుదారిన పోనిచ్చిన పాపంలో తనకూ వాటా ఉందని ఆ పిల్ల ముఖం చూశాకే తెలిసిందనుకుంటాను. బయటికొచ్చినప్పుడు చేతిలో నోటుబుక్కు ఉంది.

"నీ చేతులు మంచిగనే ఉన్నయి బిడ్డా. గా వెయ్యిమందిల ఆరబెట్టి కొలిచింది నువ్వొక్కదానివే."

ఆ మధ్యాహ్నమే రెండు పేజీల ఫోటోలూ, లావణ్య కొలతలూ కలిపి పత్రికకు పంపింది.

ఇరవై రోజులకు భీమేశ్వరరావు వచ్చాడు. మా సందులో కారు పట్టక, రైలు స్టేషను దగ్గర వదిలి, చెమటలు కక్కుతూ నడిచి వచ్చాడు. నేను మెట్ల మీద ఉన్నాను.

"పొరపాటు జరిగిందండి ఎలిజబెత్ గారూ. దిద్దుబాటు వేయిద్దాం. సరైన అంకెలు వేసి, మీ పేరు మొదట, నాది చివర పెడదాం. ఆ పదకొండు వందల ఎనభై సైటేషన్లూ మీవే అవుతాయి. ఇద్దరం ఒప్పుకుంటే పత్రికవాళ్లు సరేనన్నారు."

"నేను ఒప్పుకోకపోతే?"

"పేపరే రద్దు చేస్తారటండి. పురస్కారం కూడా... ఆ అమ్మాయికి దిద్దుబాటుతోనే పనైపోతుంది కదా!"

అది నిజమే. పదకొండేళ్ల కిందట ఆమె అడిగిందల్లా ఇంతే. నేనైతే తీసుకుని ఉండేవాణ్ని.

"రద్దే కావాలె సార్."

"మీ పేరు కూడా పోతుందమ్మా, ఆలోచించండి!"

"నా పేరు ఏడున్నది సార్ అండ్ల, పోయెతందుకు?"

ఆయన ఎదుటే ఫోన్ తీసి, రద్దు చేయమని ఒక్క వాక్యం రాసి పంపింది. భీమేశ్వరరావు చాలాసేపు చెప్పులు వెతుక్కున్నాడు, అవి కాళ్ల ముందే ఉన్నాయి. సందు మలుపు దాకా వెళ్లాక ఎలిజబెత్ గట్టిగా పిలిచింది.

"సార్!"

ఆయన ఆశగా తిరిగాడు.

"అటు పోకుండ్రి, కుక్కలున్నయి. స్టేషన్‌కు గిట్ల పోండ్రి."