బిడ్డ కాళ్లు

మొగుడు పోయిన ఏడు, వాంతులు పట్టుకున్న పిల్లను భుజానేసుకొని ఆళ్లగడ్డలో నంద్యాల ఆసుపత్రికని బస్సెక్కినా. శిరివెళ్ల కాడ పిల్ల మళ్లా కక్కింది. కండక్టరు బస్సు నిలిపించి, "దిగు, అందరికీ అంటిస్తావా" అన్నాడు.

మెళ్లో సిలువున్న ఒక పెద్దాయన లేచొచ్చి, మోకాళ్ల మీద కూచొని తన పైగుడ్డతో అంతా తుడిచినాడు.

"ఈ పని నీకేందప్పా?" అన్నాడు కండక్టరు.

"మా యేసయ్య శిష్యుల కాళ్లే కడిగినాడు. నేను నేల తుడిస్తే ఏం పోతాదన్నా? తొందరగా పోనీ."

బస్సు కదిలినాక ఏడుస్తా ఆయన కాళ్లు పట్టుకోబోయినా. వెనక్కి తీసుకున్నాడు.

"నావెందుకమ్మా? బిడ్డ కాళ్లు చల్లబడతాండాయ్, అవి రుద్దు."

నంద్యాల దాకా రుద్దతానే ఉన్నా. పిల్ల బతికింది. ఆయన పేరు అడగనే లేదు. ఊళ్లో ఎవురికి జబ్బుచేసినా, నేను ముందు పట్టుకునేది వాళ్ల కాళ్లే.