చివర చేరిన నీలిచేప

మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసింది. రిటైరయ్యాక ముందుగదిలో చిన్న ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుంది. మొదట తెచ్చిన నీలిచేప బొటనవేలంత కూడా లేదు గానీ, తొట్టంతా తన తాత సొత్తన్నట్టు తిరిగేది. తరవాత తెచ్చిన నారింజ చేపల జంటను మూలకు తరిమి తోకలు కొరికింది.

"దీనికి ఎవరితోనూ పడదండీ, వెనక్కిచ్చేయండి," అన్నాడు చేపల కొట్టు యజమాని, పెద్దమ్మ వెళ్లి సంగతి చెప్పగానే.

పెద్దమ్మకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి, "ఇంతకన్నా గయ్యాళుల్ని నలుగుర్ని ఒకే గదిలో సర్దాను. నాకు చెప్తాడా!" అంది నాతో.

వెంటనే నీలిచేపను పట్టి, గాలి పంపు పెట్టిన ఉప్పునీటి బకెట్లో వేసింది. తొట్టిలో రాళ్లన్నీ తీసి వేరే చోట్ల పేర్చింది. వారంలో జంట చేపలు కుదురుకున్నాయి. అప్పుడు నీలిచేపను వదిలింది. పాత గుహ ఉన్నచోట ఇసుక తప్ప ఏమీ కనపడక, అది తోక ముడిచి ఓ రాతి వెనక నక్కింది.

పది రోజుల తరవాత మూడూ కలిసి మేత తింటుంటే కొట్టు యజమాని వచ్చి చూసి నోరెళ్లబెట్టాడు. "ఏం మందేశారండీ?"

"మందూ లేదు, మాకూ లేదు. ముందొచ్చిన పిల్ల కిటికీ పక్క మంచం తనదే అంటుంది. అందుకే సెలవుల్లో మంచాలన్నీ మార్చేసి, గొడవలమారిని ఆఖర్న రమ్మనేదాన్ని."

మర్నాడు ఆయన కొట్లో, చేపలు కొట్లాడుకునే తొట్టి ముందు నిలబడి, పెద్దమ్మ మోచేతుల దాకా నీళ్లలో చేతులు పెట్టి రాళ్లు సర్దుతోంది. ఆయన బకెట్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు, హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలా.