గొంతు పక్కన నరం

పెద్దపల్లి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు, జబ్బుతో ఉన్న మా అవ్వ నా ఒళ్లోనే కళ్లు మూసుకుని స్పృహ తప్పింది. పక్కవాళ్లు మణికట్టు పట్టి చూశారు.

"నాడి లేదు, పోయింది. ముఖం మీద కొంగు కప్పు."

నేను ఏడుస్తూ కొంగు అందుకున్నాను. ఎదుటి బల్ల మీది ముసలామె లేచి వచ్చింది.

"ఆగు బిడ్డా, గంత తొందరేంది?"

అవ్వ దవడ కింద, గొంతు పక్కన రెండు వేళ్లు ఆనించి, నా వేళ్లనూ అక్కడే పెట్టించింది. సన్నగా కొట్టుకుంటోంది.

"చేతి నరం ముందుగాల ఊకుంటది. గిది తలకాయకు నెత్తురు తీస్కపోయే నరం, ఆఖరుదాంక కొట్టుకుంటది. మాట్లాడు, ఇంటదేమో."

"నీకెట్ల ఎర్క పెద్దమ్మా?"

"మా ఆయన్ను బొగ్గుబాయిలకెల్లి తెచ్చినంక చెయ్యి చూసి ముఖం కప్పిన్రు. డాక్టరొచ్చి మెడ వట్టి, పానమున్నదన్నడు. నేను ఉరికొచ్చేసరికి పోయిండు. ఆయన చెవిల ఒక్క మాట చెప్పలేకపోయిన."

నేను అవ్వ చెవి దగ్గరికి వంగాను.

"అవ్వా, నేనీడనే ఉన్ననే. నీ బర్రెను అమ్మనియ్య. నా కొట్టంలనే కట్టేస్త."

కాసేపటికి వేళ్ల కింద కదలిక ఆగింది. ముసలామె మెల్లగా తన చెయ్యి తీసేసింది. నేను బర్రె గురించి ఇంకా చెబుతూనే ఉన్నాను.